ఆమె అడిగినట్టు రాసివున్న కాగితం

ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. రోజూ రాసే డైరీకి కూడా చెప్పలేదు. ఆ మూడు ఉదయాలూ ఫోన్ మోగినప్పుడు అది నా చేతిలోనే ఉంది. బ్యాగులో లేదు, సైలెంట్‌లో లేదు, చార్జింగ్ అయిపోనూ లేదు. తెర మీద ఇండియా నంబరు వెలుగుతుంటే ఆగిపోయేదాకా చూస్తూ కూర్చున్నాను. ఆగాక, ఒళ్ళో తెరిచి ఉన్న నవల మీద ఫోన్‌ని బోర్లా పెట్టాను. కాసేపయ్యాక తీసి, అదే పేజీ మళ్ళీ మొదటి నుంచి చదివాను.

ఆ ఫోన్ నా కోసం వచ్చింది కాదు, ఆమె కోసం. పోయిన నెల ఆమె చనిపోయింది. పేరు రాయను. ఆ పేరు చాలా ఫారాల్లో టైపు చేశాను, ఇక చాలు.

మా టైపింగ్ సెంటర్ ఖతర్‌లో, ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే పేటలో ఒక కరక్ చాయ్ దుకాణం పక్కన ఉంటుంది. పాస్‌పోర్టు రెన్యువల్, వీసా ఫారాలు, ఎంబసీలో పెట్టే అఫిడవిట్లు, ఇవీ మా పని. మాటలన్నీ మలయాళీ ఓనర్ మాట్లాడతాడు, నేను టైపు చేస్తాను. జగిత్యాల దగ్గరి మా ఊరి నుంచి అక్కాబావల దగ్గరికి వచ్చి ఈ పనిలో చేరినప్పుడు నాకు నచ్చింది అదే. నోరు తెరవనక్కర్లేదు. వచ్చినవాళ్ళు చెబుతారు, నా వేళ్ళు వింటాయి. ఎవరూ లేనప్పుడు డెస్కు కింద పుస్తకం.

ఆమె రెండు వీధుల అవతల ఒక ఖతరీ ఇంట్లో వంట చేసేది. రాయచోటి దగ్గరి పల్లె మనిషి. నలభై దాటాయి. ముంజేతుల నిండా నూనె చిట్లిన మచ్చలు. శుక్రవారం మధ్యాహ్నం నమాజు వేళ దాటాక ఆమెకు మూడు గంటలు సెలవు. ఆ మూడు గంటల్లో మొదటిసారి మా దగ్గరికి వచ్చినప్పుడు చంకలో ఒక జిప్పు కవరు ఉంది. కొత్త దుప్పటి కొంటే వస్తుందే, ఆ ప్లాస్టిక్ కవరు. ఆమె కాగితాలన్నీ అందులోనే. ఆమెకు తెలుగు చదవడం రాదు. కానీ ఏ కాగితం ఏదో దాని మీది ముద్రను బట్టి చెప్పేది. అరబ్బీ అంకెలు మాత్రం వచ్చు, ఓవెన్ మీద, వాషింగ్ మెషీన్ మీద చూసి నేర్చుకుంది. నా నంబరు అడిగి, జిప్పు కవరు మూలన బాల్‌పెన్నుతో అరబ్బీ అంకెల్లోనే రాసుకుంది. నేను ఆ నంబరు చెప్పిన తీరు చూసి నవ్వింది.

"ఏం పాపా, నోట్లో బెల్లం ముక్క పెట్టుకోనుండావా? మాట బయటికి రాదే!"

నేను తల వంచుకుని నవ్వాను. ఆ రోజు నుంచి ఆమెకు నేను మూగపాపనయ్యాను.

తర్వాతి శుక్రవారం నుంచి ఆమె లోపలికి వచ్చే పద్ధతి ఒకటి మొదలైంది. గాజు తలుపు సగం తెరిచి, గుమ్మంలోనే నిలబడి, గొంతు ఎత్తి మూడుసార్లు పిలిచేది. "మూగపాపా! మూగపాపా! మూగపాపా!" ప్రతి పిలుపుకూ మధ్య కొలిచినట్టు ఒకే విరామం. నేను సిగ్గుతో స్క్రీన్ వెనక దాక్కుంటే, "ఎక్స్‌పార్టీ!" అని తీర్పు చెప్పి లోపలికి వచ్చి కూర్చునేది. ఓనర్‌కి తెలుగు రాదు. అయినా ఆ మూడో పిలుపుకు అతనూ నవ్వేవాడు.

అది కోర్టులో బంట్రోతు పిలిచే పిలుపు. మొగుడు విడాకులూ, కూతురూ కావాలని ఫ్యామిలీ కోర్టులో కేసు వేస్తే ఆమె ప్రతివాదిగా తిరిగింది. మొదటి వాయిదా రోజున మెట్ల కింద కూర్చుని పాపకు అన్నం తినిపిస్తోందట. పైన వరండాలో ఆమె పేరు మూడుసార్లు పిలిచారు. ఆమెకు వినపడలేదు. ఎక్స్‌పార్టీ చేసేశారు, అంటే ఆమె రానేలేదని రాసుకుని కేసు నడిపేయడం. దాన్ని తీయించుకోవడానికి వకీలు చుట్టూ నెలలు తిరిగింది.

"పిలిసినప్పుడు పలకల్ల పాపా. పలక్కపోతే నువ్వు ఆడ లేనట్టే," అనేది. "ముద్ద సేతిలో ఉన్నా లేసి పోవాల్సింది. నాకప్పుడు తెలీదు."

తీర్పులో పాపను తండ్రికే ఇచ్చారు. ఆయనకు ఇల్లుంది, చూసుకోవడానికి తల్లి ఉంది. ఈమెకు ఏమీ లేదు. వేసవి సెలవుల్లో తల్లి చూసుకోవచ్చని రాశారు. ఆమె దాన్ని పట్టుకుని రెండు వేసవులు వాళ్ళ గడప ముందు నిలబడి, మూడో ఏడు విమానం ఎక్కింది. తీర్పు కాపీ అప్పుడే ఎక్కడో పోయింది. పాప ఇప్పుడు పదో తరగతి. ఫోన్‌లో దొరికినప్పుడల్లా ఒకటే మాట అంటోందట, "నువ్వే వద్దని కోర్టులో రాసిచ్చి దుబాయ్ పోయినావు గదా." వాళ్ళకు గల్ఫ్ అంతా దుబాయే. నాయనమ్మ చెప్పింది, ఆ పిల్ల నమ్మింది.

"నేను అడిగినా పాపా. జడ్జమ్మ ముందర నిలబడి అడిగినా. నా బిడ్డను నాకియ్యండమ్మా, రాళ్ళు మోసైనా సాక్కుంటానని. ఆయమ్మ రాసుకునింది. నేను కండ్లారా సూసినా, పెన్ను కదిలింది."

ఆమెకు కావలసింది ఆ వాక్యం. కోర్టు ముద్రతో, ఆమె అడిగిందని రాసివున్న కాగితం. మూడు నెలల్లో ఆమె సెలవు మీద ఊరికి వెళ్ళాలి. అప్పటికి అది చేతిలో ఉంటే, స్కూలు గేటు దగ్గర పిల్లకే ఇచ్చి చదువుకోమంటుంది. రెండేళ్ళకు ఒకసారి వచ్చే సెలవు అది.

ఈ పని మా సెంటర్లో చేసేది కాదు. కానీ ఆమె ఓనర్‌ని అడగలేదు, నన్ను అడిగింది. కాదనడానికి నోరు తెరవాలి కదా, తల ఊపాను.

ఒక శుక్రవారం సెంటర్ మూసి ఉంది. ఇద్దరం మెట్రో ఎక్కి ముషైరిబ్‌లో దిగాం. స్టేషన్ లోపల చల్లగా ఉంటుంది, ఎంతసేపు కూర్చున్నా ఎవరూ అడగరు. ఆమె ఇంట్లో మిగిలిన రొట్టెల్లో గుడ్డు కూర చుట్టి తెచ్చింది. నేను ఫోన్‌లో కోర్టుల వెబ్‌సైటు తెరిచాను. రాష్ట్రం, జిల్లా, కోర్టు, పార్టీ పేరు. అన్నీ ఉన్నాయి, సంవత్సరం తెలియదు. సంవత్సరం లేకపోతే అది వెతకదు.

"ఏ సంవత్సరం అక్కా?"

"పాపకు పాలపండ్లు ఊడిన ఏడు."

"గట్ల చెప్తె కంప్యూటర్‌కు తెల్వదక్కా."

"గట్ల చెప్తె!" అని నా మాటను నాకే అప్పజెప్పి, పక్కన కూర్చున్న ఫిలిప్పీన్స్ అమ్మాయి తిరిగి చూసేంత గట్టిగా నవ్వింది. "సూడు, మాట్లాడతాండాది మూగపాప!"

పిల్ల వయసు నుంచి వెనక్కి లెక్కేసి ఒక్కొక్క సంవత్సరమే వేసి చూశాను. ఆమె పేరున్న ఆడవాళ్ళు ఆ ఒక్క జిల్లా కోర్టులోనే ఎంతమంది! ఒక్కొక్కరి పక్కనున్న మొగుడి పేరు నేను చదువుతుంటే ఆమె తల అడ్డంగా ఊపేది. ఊపుతూ, "పాపం, ఈమెకేమాయెనో," అనేది. నాలుగో సంవత్సరంలో మొగుడి పేరు వినగానే రొట్టె నమలడం ఆపింది. కేసు నంబరు చదివాను. ఆమె కళ్ళు మూసుకుని అదే నంబరును బంట్రోతు గొంతుతో పలికింది. ఏళ్ళ తరబడి వాయిదాలకు విన్న నంబరు. అది నోటికి వచ్చు కానీ, ఇక్కడ వెతకడానికి అదే పనికొస్తుందని ఆమెకు తెలియదు.

"ఇన్నేండ్లుగా ఆడనే ఉండాదా నా కేసు!" అంది తెర మీద వేలు పెట్టి. "ఎవురన్నా సూస్తే కనబడతాదా?"

"కనబడ్తది."

"మరి నా కూతురు యాల సూడలా?"

కేసు ముగిసిందని, ఏ రోజు ముగిసిందో ఆ తారీఖు మాత్రమే అక్కడ ఉన్నాయి. తీర్పు లేదు. దాని ధ్రువీకరించిన నకలు కావాలంటే కేసులోని మనిషో, ఆమె తరఫు వకీలో ఆ కోర్టులోనే కాపీ దరఖాస్తు పెట్టాలి. ఆమె వకీలు చనిపోయాడు. ఆయన గుమాస్తా మాత్రం ఇంకా కోర్టు క్యాంటీన్ పక్క బెంచీ మీదే కూర్చుంటున్నాడు. ముసలాయన. ఆమె ఊళ్ళో ఎవరినో పట్టుకుని ఆయన నంబరు తెప్పించింది. దరఖాస్తు, ఆమె సంతకం, పాస్‌పోర్టు నకలు నేనే పంపాను. తను పనిలో ఉన్నంతసేపూ ఫోన్ ఇంటావిడ దగ్గర ఉంటుంది గనక, ఏమైనా ఉంటే చెప్పడానికి నా నంబరు ఇప్పించింది.

"పాపకు పలకడం రాదు గానీ, పని మాత్రం వదలదు," అని ఆయనకు నా ఎదుటే ఫోన్‌లో చెప్పింది.

నెల దాటాక ఫోన్ మోగింది. అక్కడ కోర్టు తెరిచే వేళకు మాకు ఎనిమిది. సెంటర్లో నేనొక్కదాన్నే. నాకు కొత్త గొంతులంటే భయం. అదేం భయమని అడిగితే చెప్పలేను. ఎత్తగానే ఆయన ఏదో అడుగుతాడు, నాకు తెలియదు, అర్థం కాలేదంటే మళ్ళీ అడుగుతాడు, అంతే. అంత చిన్న విషయం. రేపు చేద్దామనుకున్నాను. రెండో రోజు అదే వేళకు మళ్ళీ మోగింది. మెసేజ్ పెడితే బాగుండు అనుకున్నాను. ఆయనకు మెసేజ్ పెట్టడం రాదు. మూడో రోజు మోగాక ఇంకెప్పుడూ మోగలేదు. ఆగిపోయినందుకు హాయిగా కూడా అనిపించింది. ఆ రోజు డైరీలో "దుమ్ము గాలి. అక్క చేపలు వండింది," అని ఉంది.

పది రోజులకు ఎవరో జూనియర్ చేత ఆయన పెట్టించిన మెసేజ్ వచ్చింది. దరఖాస్తు అభ్యంతరంతో తిరిగొచ్చింది. కేసులో ఆమెకు మొగుడి ఇంటిపేరు, పాస్‌పోర్టులో తండ్రి ఇంటిపేరు. రెండూ ఒకరేనని అఫిడవిట్ పెట్టి వారంలోగా మళ్ళీ దాఖలు చేయాల్సింది. ఫోన్ చేస్తే ఎత్తలేదు. గడువు అయిపోయింది, కొట్టేశారు. మళ్ళీ మొదటి నుంచి వేయాలి.

రెండు ఇంటిపేర్లూ ఒకరివేనన్న అఫిడవిట్. అది నేను రోజుకు మూడైనా టైపు చేస్తాను. పెళ్ళయి వచ్చిన ఆడవాళ్ళకు సగంమందికి కావలసింది అదే. నా కంప్యూటర్లో దాని నమూనా తయారుగా ఉంటుంది, పేర్లు మార్చితే చాలు. టీ చల్లారేలోపు అయిపోయే పని.

ఆమె విమానానికి అప్పటికి పన్నెండు రోజులు ఉన్నాయి.

ఆ శుక్రవారం ఆమె గుమ్మంలో నిలబడి మూడుసార్లు పిలిచింది. కూర్చుంది. ఒళ్ళో జిప్పు కవరు. అందులో కొత్తగా ఒక అట్ట ఫైలు, ఖాళీది, ఎర్రటిది. తీర్పు పెట్టుకోవడానికి సూక్‌లో, ఇక్కడి బజారులో, కొన్నదట.

"ఏమన్నాడు ఆయప్ప?"

"రికార్డ్ రూంల నీ కేసు కట్ట దొరుకుతలేదంటున్నరక్కా," అన్నాను. ఇంత పొడుగు వాక్యం ఆమెతో అంత గడగడా నేనెప్పుడూ చెప్పలేదు. "పాత కట్టలు గద, ఎక్కడో కలిసిపోయినయంట."

ఆమె చాలాసేపు నన్నే చూసింది. తర్వాత ఎర్ర ఫైలును మళ్ళీ కవరులో పెట్టి జిప్పు లాగింది.

"అడిగింది గూడా లేకుండా పాయెనా," అంది. లేచేటప్పుడు నా తల మీద చెయ్యి వేసింది. "నువ్వేం జేస్తావులే పాపా. మొగం అట్ల పెట్టుకోవాకు."

ఆ చెయ్యి బరువు నాకు ఇప్పటికీ తెలుస్తుంది. నిజం చెప్పడానికి అప్పుడు నాకు ఆమె తలుపు దాకా నడిచేంత టైముంది. ఆమె తలుపు తీసింది, కరక్ వాసన లోపలికి వచ్చింది, తలుపు మూసుకుంది.

రెండు నెలలయ్యాక తిరిగి వచ్చింది. నాకు ఒక సీసాలో నిమ్మకాయ ఊరగాయ తెచ్చింది. గుమ్మంలో నిలబడలేదు, పిలవలేదు. మామూలుగా వచ్చి కూర్చుంది. అడగలేక అడిగాను, పాప కలిసిందా అని.

"గేటు కాడ కలిసింది. నా అంత ఎత్తు అయింది. జడలేసుకోదు ఇప్పుడు, తోకమాదిరి కట్టుకుంటాది." ఆమె వేళ్ళతో గాలిలో ఆ జుట్టు కట్టి చూపించింది. "నేనడిగినా పాపా అంటే, కాగితం ఏదీ అనింది. అందరూ సెప్పేదే నువ్వూ సెప్తాండావు, కాగితం ఏదీ అని. బస్సొచ్చె. ఎక్కి పాయె."

నేను కీబోర్డు మీది దుమ్ము వేలితో తుడిచాను. నాకేదైనా పెద్ద శిక్ష వేయమని ఆమెనే అడగాలనిపించింది. అడగడానికి కూడా నోరు రాలేదు.

"అట్లనే కోర్టుకు పోయినా," అంది ఆమె. "క్యాంటీన్ కాడ ముసలాయన ఉన్నాడు. టీ తాపిచ్చినాడు. కట్ట దొరికిందంటలే పాపా."

నేను తలెత్తాను. ఆమె ముఖంలో ఏమీ లేదు. ఓనర్ పక్క కుర్చీలో ఉన్నాడు. ఆమె గొంతు వాతావరణం గురించి చెబుతున్నంత మామూలుగా ఉంది.

"దొరికిందంట. ఇంగ మళ్ళా వేసినాడు దరఖాస్తు. ఆ ఇంటిపేరు కాగితం గూడా పెట్టి వేసినాడు. కాపీ వస్తే ఫోన్ జేస్తాడు." కవరు మూలన అరిగిపోతున్న అంకెల మీద బాల్‌పెన్నుతో మళ్ళీ దిద్దింది. "నీ నంబరే ఇచ్చినా."

ఇంకో రెండు మాటలు మాట్లాడి వెళ్ళిపోయింది. అదే ఆఖరు. తర్వాతి రెండు శుక్రవారాలూ ఇంట్లో విందులున్నాయని ఆమెకు సెలవు దొరకలేదు.

మూడో వారంలో ఒక ఉదయం, ఆ ఇంటి డ్రైవరు సెంటర్‌కి వచ్చాడు. కోనసీమ మనిషి, ఒకటి రెండుసార్లు కారు దగ్గర చూశాను. ఓనర్ ముందు బల్ల మీద జిప్పు కవరు పెట్టాడు. నేను ముందు గుర్తుపట్టింది కవరును. మూలన నా నంబరు.

"పొద్దున్న వంటింట్లోకి రాలేదండి," అన్నాడు నాతో. "పిలిచాం. పలకలేదండి. గుండె అంటున్నారు. ఊరికి పంపించే కాగితాలు చెయ్యాలంటండి, మీరు తెలుగోరు కదా..."

ఆ కాగితాలు నేనే టైపు చేశాను. పేరు, తండ్రి పేరు, ఊరు. శవం అప్పగించవలసినవారు అన్న గడి దగ్గర వేళ్ళు ఆగాయి. డ్రైవరు ఆమె అన్న పేరు చెప్పాడు. కవరులో ఎర్ర ఫైలు ఖాళీగానే ఉంది.

ఆమె శవం ఊరికి వెళ్ళిన నాలుగు రోజులకు, ఉదయం ఎనిమిదికి, ఫోన్ మోగింది. మొదటి మోతకే ఎత్తాను. కరక్ కప్పు పట్టుకుని ఉన్న ఓనర్ ఆశ్చర్యంగా చూశాడు.

"అమ్మా, నేను గుమాస్తాను. కాపీ ఇచ్చినారు, సీలు గూడా పడింది. ఆయమ్మకు సెప్పు. యాడికి పంపాల?"

ఆయన టౌనులో ఉంటాడు, వార్త ఆయన దాకా వెళ్ళలేదు. జీవితంలో ఒక కొత్త గొంతుతో నేను ధైర్యంగా మాట్లాడిన మొదటి మాట ఆమె చనిపోయిందన్నది. క్యాంటీన్‌లో గ్లాసుల చప్పుడు వినిపించింది. తర్వాత నేనే అన్నాను, అది ఎవరికి ఇవ్వాలో, ఏ స్కూలో, ఏ గేటో. ఆమె చెప్పినవన్నీ నాకు గుర్తున్నాయి. ఆ మూడు ఉదయాల గురించి కూడా చెప్పాను. ఫోన్ చేతిలోనే ఉందని మాత్రం చెప్పలేదు.

"ఆయమ్మ కోర్టుకొచ్చిన పొద్దే సెప్పినా, నువ్వు ఎత్తలేదని," అన్నాడాయన మెల్లగా. "తెల్సులే అనింది. మళ్ళా నీ నంబరే రాసుకోమనింది. నేనే పోయిచ్చొస్తాలేమ్మా."

జూనియర్ చేత ఆ పేజీ ఫోటో పంపించాడు. ఇంగ్లీషు తీర్పు. పన్నెండు పేజీల్లో ఒక్క వాక్యం. పాపను తనకు అప్పగించమని ప్రతివాది కోరింది, ఏ పని చేసైనా పెంచుకుంటానని చెప్పింది. రాళ్ళు లేవు. కానీ పెన్ను కదిలింది నిజమే.

రెండు రోజులకు ఆయన మళ్ళీ చేశాడు. ఇచ్చానన్నాడు. పిల్ల గేటు దగ్గరే నిలబడి చదువుకుందట. ఏమంది అని అడిగాను.

"ఏమీ అనలా. రెండుమార్లు చదివింది. దీనికి జెరాక్స్ యాడ తీస్తారు అని అడిగింది."

నిమ్మకాయ ఊరగాయ సీసా అడుగున ఇంకా కొంచెం ఉంది. అక్క దాన్ని కడిగేస్తానంటే ఆపాను. ఎందుకని అడిగింది, చెప్పలేదు.

ఆమె వచ్చిన ఆ చివరి శుక్రవారం, లేచి తలుపు దాకా వెళ్ళింది. బయట డ్రైవరు హారన్ కొడుతున్నాడు. "యల్లా, వస్తాండ!" అని అటు అరిచింది. గాజు తలుపు సగం తెరిచి, ఎప్పుడూ నన్ను పిలిచే ఆ గుమ్మంలోనే ఆగింది. వెనక్కి తిరిగి, నేను తలెత్తేదాకా ఆగి, నవ్వకుండా, కోపం లేకుండా, నాకు మాత్రమే వినపడేంత గొంతుతో అంది:

"ఈ తూరి ఆయప్ప పిలిస్తే పలుకు, పాపా."